ముక్కంటి ముందు మూగజీవాల తగవు

నగరి: శ్రీకాళహస్తికి ఆ పేరు ఎందుకు వచ్చిందని అడిగితే ఈ ప్రాంతంలో చిన్నపిల్లలు సైతం తడుముకోకుండా చెబుతారు. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడు మూగజీవాలు శివుణ్ణి కొలిచి ముక్తి పొందిన క్షేత్రం అది. మూలవిరాట్టు లింగంపై అడుగున సాలెపురుగు, నడుమ ఏనుగు దంతాలు, పైన పాము పడగలు గుర్తులుగా ఉన్నాయని భక్తుల విశ్వాసం. నగరి, పుత్తూరు ప్రాంతాల నుంచి రాహుకేతు పూజకని వెళ్లేవారు ఈ కథ విని తిరిగివస్తారు. అయితే ముక్తి సంగతి చెప్పుకున్నంతగా ఆ జీవాల మధ్య వచ్చిన తగవు సంగతి ఎవరూ చెప్పుకోరు. కథలో అసలు విషయం అక్కడే ఉంది.

సాలెపురుగు కథ వేరు. సాలె అంటే నేతగాడు. పవర్‌లూమ్ మగ్గాల చప్పుడు మధ్య బతికే నగరి వాసులకు ఈ పేరు విడమరిచి చెప్పనక్కర లేదు. ఆ పురుగు తన ఒంట్లోని దారంతోనే స్వామికి గుడి, మండపం, ప్రాకారం అల్లింది. దీపం మంట తగిలి అదంతా కాలిపోయింది. ఆ మంటనే మింగబోయింది పురుగు. దాని పోరు నిప్పుతోనే గాని తోటి జీవంతో కాదు.

పాము, ఏనుగు మాట అలా కాదు. పాము పాతాళం నుంచి మణులు తెచ్చి లింగం ముందు పెట్టి పోయేది. తరువాత ఏనుగు వచ్చి, ఈ రాళ్లు ఎవరు పెట్టారని పక్కకు తోసివేసి, తొండంతో నీరు తెచ్చి అభిషేకం చేసి, మారేడు పత్రి పరచి వెళ్లేది. మళ్లీ పాము వచ్చి చూస్తే మణులు లేవు, ఆకులూ అలములూ ఉన్నాయి. వాటిని ఊడ్చివేసి మళ్లీ మణులు పెట్టేది. కొంతకాలం ఇలా జరిగాక పాముకు ఓపిక నశించింది. ఆకుల మాటున దాగి, ఏనుగు రాగానే తొండంలో దూరింది. ఊపిరాడని ఏనుగు తలను బండకేసి మోదుకుంది. రెండూ అక్కడే చచ్చాయి. శివుడు రెండింటినీ కరుణించాడు. 16వ శతాబ్దపు ధూర్జటి మహాకవి ఈ క్షేత్ర గాథలనే శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం అనే కావ్యంగా రచించాడు.

ఇందులో దోషి ఎవరు? పాముకు మణి గొప్పది, దాని దగ్గర ఉన్నది అదే. ఏనుగుకు నీరు, ఆకు గొప్పవి. ఎవరికి ఉన్నది వారు తెచ్చారు. ఎదుటివాడు పెట్టినది కూడా పూజేనన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఎవరో అపవిత్రం చేస్తున్నారనే ఇద్దరూ అనుకున్నారు.

చిత్రమేమంటే అదే ఊళ్లో అదే కథ మనుషుల మధ్య కూడా నడిచింది. బోయ తిన్నడు వేటాడిన మాంసం తెచ్చి స్వామికి పెట్టేవాడు. పూజారి వచ్చి అపచారమని కడిగి శుద్ధి చేసేవాడు. మరునాడు మళ్లీ మాంసమే. కానీ ఇక్కడ ముగింపు మారింది. స్వామి ఆనతి మేరకు పూజారి చాటున దాగి, తిన్నడు తన కన్ను పెకలించి స్వామికి పెట్టడం కళ్లారా చూశాడు. చూసిన తరువాత తగవు లేదు. పాము కూడా చాటునే దాగింది గాని, చూడటానికి కాదు, కాటు వేయడానికి. తిన్నడు కన్నప్ప అయ్యాడు. గుడి పక్క కొండకు నేటికీ ఆయన పేరే.

తిరుచ్చి దగ్గర తిరువానైకావల్ జంబుకేశ్వర క్షేత్రంలో ఈ కథకు మరో రూపం ఉంది. అక్కడ తగవు ఏనుగుకూ సాలెపురుగుకూ. ఎండుటాకులు లింగంపై పడకుండా పురుగు పైన గూడు అల్లితే, మురికి అని ఏనుగు చెరిపివేసేది. పురుగు తొండంలో దూరి కుట్టడంతో రెండూ చచ్చాయి. పురుగు మరుజన్మలో కోచ్చెంగణ్ అనే చోళరాజుగా పుట్టి శివాలయాలు కట్టించిందట. ఆ ఆలయాలన్నీ ఏనుగు లోపలికి రాలేనట్టు ఎత్తు మెట్లతో, ఇరుకు దారులతో ఉంటాయని అక్కడివారు చెబుతారు. రాజై పుట్టినా పాత పగ పోలేదన్నమాట. భక్తి, పగ ఒకే గర్భగుడిలో ఇమడగలవని ఇంత సూటిగా చెప్పిన కథ మరొకటి అరుదు.

పగకు మన పక్కనే ఉన్న తిరుత్తణి వేరే దారి చూపుతుంది. 1960 దాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే. నేటికీ ఆడికృత్తికకు ఇక్కడి నుంచి కావళ్లు వెళుతూనే ఉన్నాయి. కుమారస్వామి శూరపద్ముణ్ణి చీల్చితే ఒక సగం నెమలి, ఒక సగం కోడిపుంజు అయిందని, ఒకటి స్వామికి వాహనం, మరొకటి ధ్వజం అయ్యాయని పురాణం. శత్రువునే వాహనం చేసుకున్నాడు. తిరుమల బ్రహ్మోత్సవాలలో శేషుడూ, అతని వైరి గరుత్మంతుడూ ఒకే స్వామిని మోస్తారు. వేరువేరు రోజుల్లో అనుకోండి.

కౌజుపిట్ట తీర్పు

తగవు పెరగకముందే తెంచే పద్ధతి బౌద్ధుల తిత్తిర జాతకంలో ఉంది. బుద్ధుని పూర్వజన్మల కథలే జాతకాలు. ఎందరో రాజుల కథలతోపాటు కోతి, జింక, కుందేలు, పిట్ట కూడా వాటిలో నాయకులే. హిమాలయ ప్రాంతంలో ఒక మర్రిచెట్టు దగ్గర కౌజుపిట్ట, కోతి, ఏనుగు కలిసి ఉండేవి. ఒకరిపై ఒకరికి గౌరవం లేదు. ఇలా కాదని, మనలో పెద్ద ఎవరో తేల్చుకుందాం అనుకున్నాయి. నేను గున్నగా ఉన్నప్పుడు ఈ చెట్టు చివరి కొమ్మ నా పొట్టకు తగిలేదని ఏనుగు చెప్పింది. నేను నేల మీద కూర్చునే దీని చిగుళ్లు తిన్నానని కోతి చెప్పింది. ఎక్కడో మర్రిపండు తిని వచ్చి నేను వేసిన విత్తనం నుంచే ఈ చెట్టు మొలిచిందని పిట్ట చెప్పింది. అంతటితో అన్నిటికన్నా చిన్న ప్రాణి పెద్ద అయింది. ఏనుగు దానికి మొక్కింది.

బుద్ధుడు ఈ కథ చెప్పిన సందర్భం మరీ గమనించదగినది. శ్రావస్తి దారిలో కొందరు భిక్షువులు ముందుగా పరుగెత్తి పోయి పడకలన్నీ పట్టుకోవడంతో, అందరికీ పూజ్యుడైన సారిపుత్రుడు ఆ రాత్రి చెట్టు కింద గడిపాడు. మరునాడు బుద్ధుడు భిక్షువులను పిలిచి, మంచి ఆసనం, తొలి తీర్థం, తొలి భిక్ష ఎవరికి చెందాలని అడిగాడు. క్షత్రియ కులంలో పుట్టినవారికి అని కొందరు, బ్రాహ్మణ కులంలో పుట్టినవారికి అని కొందరు అన్నారు. అవేవీ కావు, వయసులో పెద్దవారికే అని చెప్పి ఆయన ఈ కథ చెప్పాడు. ఆ కౌజుపిట్ట తానేనని, కోతి సారిపుత్రుడని, ఏనుగు మౌద్గల్యాయనుడని చివర చెప్పాడు.

ఇది ఎక్కడో హిమాలయాల సంగతి అని తోసిపుచ్చడానికి లేదు. మన పల్లెల్లో జాతర వచ్చిందంటే తొలి తాంబూలం ఎవరికి, చప్పరం ముందు ఏ వీధిలోకి రావాలి, ఎవరి కుండ ముందు దించాలి అన్న తగవులు తెలియనివి కావు. మాటామాటా పెరిగి ఏళ్ల తరబడి జాతరే మానుకున్న పల్లెలు ఉన్నాయి. పోలీసు బందోబస్తు మధ్య అమ్మవారిని ఊరేగించిన పల్లెలూ ఉన్నాయి. మా వాళ్లు పెట్టేదే పూజ, వాళ్లది మైల అనే మాట కాళహస్తి ఏనుగు అన్న మాటే. ఏ చెట్టు ఎవరు నాటారని కూర్చుని అడిగే ఓపిక మనకు తక్కువ.

ఒకే జీవం, పలు అర్థాలు

ఏ జంతువుకూ పుట్టుకతో మంచి, చెడు అర్థాలు లేవు. పాము సంగతే చూడండి. బైబిలులో ఏదెను తోటలో అవ్వను మోసపుచ్చినది సర్పమే. బుద్ధునికి ఏడు రోజుల వానలో పడగ పట్టినది ముచలిందుడనే నాగరాజు. మనం నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం. పాము పాలు తాగే ప్రాణి కాదు. అదే పాము ఇంట్లోకి వస్తే కర్ర వెతుకుతాం. సాలెగూడు వంటి బలహీనమైన ఇల్లు మరొకటి లేదని ఖురాన్ పోలిక చెబుతుంది. క్రీ.శ. 622లో మహమ్మదు ప్రవక్త మక్కా నుంచి మదీనాకు వెళుతూ గుహలో దాగినప్పుడు, సాలెపురుగు గుహ ద్వారానికి గూడు అల్లి శత్రువుల కళ్లు కప్పిందని ముస్లిములు చెప్పుకుంటారు. నాగలాపురం వేదనారాయణస్వామి మూర్తి నడుము కింద మత్స్యరూపం. అక్కడ మొక్కి వచ్చి ఇంట్లో చేపల పులుసు తినేవారికి అందులో తప్పేమీ కనిపించదు, కనిపించాలని ఈ విలేఖరి అనడమూ లేదు.

అయితే గుర్తుగా నిలిచిన జంతువు వేరు, ప్రాణంతో ఎదురుగా నిలిచిన జంతువు వేరు. ఈ తేడాను మొదట రాతి మీద చెక్కించినవాడు అశోకుడు. మన రాయలసీమలోనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై ఆయన శాసనాలు ఉన్నాయి. బలి కోసం ప్రాణులను చంపరాదని చెబుతూ, తన వంటశాలలో రోజుకు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే చస్తున్నాయని, ఇకపై ఆ మూడూ చావవని ఆయన రాయించాడు. చక్రవర్తి తన కూరల లెక్క ఊరందరికీ చెప్పడం అపురూపం. మన వద్ద ఆలయాలలో జంతుబలిని నిషేధించే చట్టం 1950లోనే వచ్చింది. జాతరలకు వెళ్లేవారికి అది ఏపాటి అమలవుతున్నదో తెలియనిది కాదు.

ఇక ఏనుగు. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి నుంచి వెళ్లిన గుండ్రని శిల్పం ఒకటి ఉంది. నగరి నుంచి పని మీద చెన్నై వెళ్లేవారు వీలు చేసుకుని చూడదగినది. ఒకవైపు నలగిరి అనే మదపుటేనుగు మనుషులను తొక్కుతూ వస్తున్నది, మరొకవైపు అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లింది. మేడల మీది జనం తొంగి చూస్తున్నారు.

మన జిల్లా పడమటి మండలాల రైతుకు ఆ శిల్పంలోని మొదటి సగం బాగా తెలుసు. 1980ల నుంచి తమిళనాడు, కర్ణాటక అడవుల ఏనుగులు కుప్పం, పలమనేరు వైపు రావడం మొదలైంది. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. చెరకు, అరటి, వరి తొక్కుడుపడుతూనే ఉన్నాయి. రైతులూ చనిపోయారు, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చనిపోయాయి. కాళహస్తిలో ఏనుగు గుర్తుకు చేతులు జోడించిన రైతే రాత్రి కాగడా, టపాకాయలు పట్టుకుని పొలం కాస్తున్నాడు. అతణ్ణి తప్పు పట్టడానికి ఎవరికీ నోరు రాదు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం మన రాష్ట్రానికి నాలుగు కుంకీ ఏనుగులను అప్పగించింది. అడవి ఏనుగులను పొలాల నుంచి మళ్లించడానికి శిక్షణ పొందినవి ఇవి. వీటి కోసం పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం ఏర్పాటైంది. ఏనుగును మళ్లించే పని మళ్లీ ఏనుగు మీదనే పడింది.