అరిగిన ముక్క చెప్పే అబద్ధం

అండమాన్ ద్వీపాల ముఖ్య నగరంలో, సముద్రపు పాయ ఒకటి ఊరిలోనికి చొచ్చుకువచ్చిన చోట జంగ్లీఘాట్ ఉన్నది. పోర్ట్‌బ్లెయిర్ అన్న నగరనామాన్ని 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మార్చారు. జంగ్లీఘాట్ పేరు మాత్రం అలాగే నిలిచినది. చేపల రేవు, ఒడ్డున కట్టిన పడవలు, వాటి నడుమ ఉత్తర కోస్తా యాసలో పిలుపులు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపవాసులలో నూటికి సుమారు పదమూడుగురి మాతృభాష తెలుగు. అందువలన మన వారికి ఇది పరాయి ఊరు వలె తోచదు. కాని విశాఖపట్నం నుండి గాని, చెన్నై నుండి గాని ఇక్కడికి దాదాపు 1200 కిలోమీటర్ల నీరు అడ్డు. ఓడలో రావలెనంటే రెండున్నర, మూడు రోజులు పట్టును.

ఇట్టి చోట ఒక పాత అంబాసిడర్ కారు ఆగిపోయినదనుకొందాం. ఇంజను చెడలేదు. బొటనవేలంత బుష్ ఒకటి అరిగిపోయినది, అంతే. కారు తయారుచేసిన కార్ఖానా నడుస్తున్న రోజులలో ఐతే యజమాని ఉత్తరం వ్రాసి, ఓడ కొరకు ఎదురుచూసి, ఆ బుష్‌ను తెప్పించుకొని ఉండును. ఇప్పుడు ఉత్తరం ఎవరికి వ్రాయవలెను?

ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారు మూడవ శ్రేణిని ఆధారం చేసుకొని, 1950వ దశాబ్దం చివర కలకత్తా సమీపంలోని ఉత్తరపాడాలో హిందుస్తాన్ మోటార్స్ వారు అంబాసిడర్‌ను నిర్మించసాగారు. మంత్రుల కార్లూ, కలెక్టర్ల కార్లూ, టాక్సీలూ అన్నీ అవే అయిన కాలం ఒకటి నడిచినది. 2014 మే నెలలో ఆ కార్ఖానాలో ఉత్పత్తి నిలిచిపోయినది. బొంబాయిలో తయారైన ప్రీమియర్ పద్మిని అంతకు ముందే ఆగిపోయినది. ఆ నగరపు వీధులలో దాని చివరి టాక్సీకి అనుమతి గడువు 2023 అక్టోబరులో ముగిసినది. మద్రాసులో స్టాండర్డ్ సంస్థ కూర్చిన హెరాల్డ్ కారు కథ మరీ పాతది. అది 1961లో మొదలై, 1970వ దశాబ్దం ఆరంభంలోనే ముగిసినది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించవలెను. కార్ఖానా మూతపడిన రోజుననే విడిభాగాల కొరత రాదు. వీధులలో లక్షల బండ్లు తిరుగుతున్నంత కాలం చిన్న చిన్న వర్క్‌షాపులు బుష్‌లూ, గాస్కెట్లూ, రబ్బరు బీడింగులూ చేస్తూనే ఉంటవి; వారికది గిట్టుబాటు వ్యాపారం. బండ్లు తగ్గేకొద్దీ ఆ వర్క్‌షాపులు ఒకటొకటిగా వేరే పనికి మళ్ళుతవి. చివరకు మిగిలిన కొద్ది కార్ల యజమానులకు అసలైన కష్టం అప్పుడు మొదలవుతుంది. అంబాసిడర్ వారికి ఇంకను కొంత ఆధారం ఉన్నది. హెరాల్డ్ వారి పరిస్థితి కఠినం.

ద్వీపంలో దీనికి ఉప్పుగాలి తోడగును. ఇనుము మీద పేరుకొన్న ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని, ఆ లోహాన్ని నిరంతరం తడిగా ఉంచుతుంది. తుప్పు త్వరపడుతుంది. డెక్కనులో ముప్పది ఏండ్లు నిలిచే ఫ్లోర్ రేకు సముద్రపు ఒడ్డున అంత కాలం నిలువదు. కనుక ద్వీపంలో పాత కారును కాపాడుకొనేవారు ముక్కను చేయించుకొనడం నేర్చుకొనక తప్పదు.

చేయించుకొనడం అంటే పాత ముక్కను లేత్ పనివాని చేతిలో పెట్టి, ఇటువంటిదే మరొకటి చేయమనడం అని చాలమంది తలపు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. ఆ ముక్క చేతికి వచ్చినదే అరిగిపోవడం వలన గదా! దాని కొలతలనే తీసుకొని కొత్తది చేస్తే, పుట్టుకతోనే అరిగిపోయిన ముక్క తయారగును. అనుభవం గల టర్నర్ మొదట అరగని చోటును వెదకుతాడు. వాషరు కింద దాగిన అంచు, దుమ్ము మూత కప్పిన కొన, బేరింగులో కదలక బిగిసియున్న భాగం, ఇటువంటివి అసలు కొలతను దాచి ఉంచుతవి. వెర్నియర్‌తో ఒక చోట గాక నాలుగు చోట్ల, రెండు దిశలలో కొలుస్తాడు. తరువాత జతగా నడిచే రెండవ ముక్కను కూడ అడిగి తెప్పిస్తాడు. సాక్షి ఒక్కడైతే నమ్మలేము గదా!

ఆ మీద ఆలోచన పని చేయవలెను. ఒక పిన్ను వ్యాసం 18.8 మిల్లీమీటర్లు వచ్చినదనుకొందాం. ఇంగ్లండు నమూనా కారుకు డ్రాయింగు వేసినవాడు అంగుళాలలో ఆలోచించినవాడు. అతడు అటువంటి బేసి అంకె వేయడు. ముప్పాతిక అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు వేసియుండును. మిగిలిన పావు మిల్లీమీటరూ ఏండ్ల తరబడి రోడ్డు తినివేసినది. ఈ విధంగా టర్నర్ ఎన్నడో కనుమరుగైన ఒక డ్రాఫ్ట్స్‌మన్ మనసును చదువుతున్నాడు. ఇది యంత్రం చేసే పని కాదు.

బోల్టుల మరల విషయం మరింత చిక్కు. ఇంగ్లండులో 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మర కోణం 55 డిగ్రీలు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్, అమెరికా, కెనడా దేశాలు 60 డిగ్రీల కోణంతో ఏకరూప మరకు అంగీకరించినవి. నేటి మెట్రిక్ మర కోణమూ 60 డిగ్రీలే, కాని మరల మధ్య దూరం వేరు. అంగుళంలో పదహారింట ఐదు వంతుల బోల్టు వ్యాసం 7.94 మిల్లీమీటర్లు. బజారులో సులభంగా దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టు దాని స్థానంలో రెండు, మూడు చుట్లు చక్కగానే దిగుతుంది. ఆ పైన బిగుసుకొనును. తొందరపాటు మెకానిక్ పానా పట్టి బలంగా తిప్పుతాడు. ఒక్క నిమిషంలో మంచి మర నాశనం! పాత కార్ల మరమ్మతులో ఇంత సులభంగా ఇంత నష్టం తెచ్చే పని మరొకటి లేదు.

పోతపోసే ముక్కలలో మోసం మరొక రూపంలో పొంచి ఉంటుంది. కరిగిన లోహం చల్లబడునప్పుడు ముడుచుకొనును. పోత ఇనుము నూటికి ఒక వంతు, అల్యూమినియం, ఇత్తడి అంతకు కొంచెం ఎక్కువ. పాత ముక్కనే ఇసుకలో అదిమి మూస కడితే, జానెడు పొడవు గల పోత దాదాపు రెండు మిల్లీమీటర్లు పొట్టిదగును. బోల్టు రంధ్రాలు ఒక్కటీ కుదరవు. అందుకే నమూనా చెక్కేవారు కావలసిన దానికంటె కొంచెం పెద్ద గీతలు గల ప్రత్యేకపు స్కేలు వాడుతారు. ఆ స్కేలుతో చెక్కిన కర్ర నమూనా పెద్దదిగా ఉండి, పోత సరిగ్గా వచ్చును.

కొలత కుదిరినంత మాత్రాన ముక్క కుదిరినట్లు కాదు. లోహమూ కుదరవలెను. కొన్ని పిన్నులకు పైపొర మాత్రమే గట్టిగా, లోపల సాగే గుణం ఉండునట్లు కాల్చి చల్లారుస్తారు. పైకి అదే ఆకారంలో మెత్తని ఉక్కుతో చేసినది నెలలలో అరుగుతుంది; ఆపాదమస్తకం గట్టిపరచినది గుంటలో పడిన ఒక్క దెబ్బకు విరుగుతుంది. ఆకురాయితో అంచున గీసి చూడడం పాత పద్ధతి. గీత పడకుండ ఆకురాయి జారితే పైపొర గట్టిదని గుర్తు.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో హెరాల్డ్ కారు ముందు చక్రాలు చూపగలవు. ఆ కారులో చక్రాన్ని మోసే ఉక్కు కడ్డీ కింది కొన మీద మర ఉండును. అది ఒక కంచు దిమ్మెలో తిరుగుతూ, స్టీరింగు తిప్పినప్పుడు చక్రం మళ్ళడానికి తోడ్పడుతుంది. ఒక వైపు కుడి మర, మరొక వైపు ఎడమ మర. దానికి గ్రీజు పనికిరాదు, చిక్కని గేర్ ఆయిల్ పోయవలెను. నూనె ఎండిపోతే నీరు చేరి, మర తుప్పుపట్టి, ఒకనాడు కడ్డీ విరుగును. చక్రం లోనికి ముడుచుకొని కారు నేలకు కూలును. ఇటువంటి దిమ్మెను ఏదో ఒక ఇత్తడి ముక్కతో, అందాజు మరతో చేయించిన యజమాని తన ప్రాణాన్నే గాక ఎదుట వచ్చేవారి ప్రాణాన్నీ పందెం పెడుతున్నాడు. తలుపు పిడి, అద్దపు చట్రం, డాష్‌బోర్డు గుబ్బ ఎక్కడ చేయించినను ఫరవాలేదు. బ్రేకులూ, స్టీరింగూ, చక్రాన్ని పట్టియుంచే భాగాలూ పరీక్షించగల చోట చేయించవలెను. దొరకనప్పుడు కారును షెడ్డులో నిలిపి ఎదురుచూడడమే మంచిది. ద్వీపవాసికి ఎదురుచూడడం కొత్త గాదు.

కాలంతోబాటు ఇంధనం కూడ మారినది. సీసం కలిపిన పెట్రోలును 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా నిలిపివేశారు. ఆ సీసం పాత ఇంజన్ల వాల్వు సీట్లకు అరుగుదల నుండి రక్షణ ఇచ్చేది. ఇప్పుడు గట్టి లోహపు సీట్లు అమర్చవలసి వచ్చును. ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు తట్టుకొనలేవు. అందువలన కొన్ని చోట్ల అసలును అచ్చముగా అనుకరించడమే తప్పగును. ఆకారం పాతది, పదార్థం కొత్తది కావలెను.

సంపన్న దేశాలలో ఈ పనిని కార్ల సంస్థలే చేపట్టినవి. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అను సంస్థ పాత అచ్చులను వెదకి సంపాదించి, 1988లో ఎమ్‌జీబీ కారు బాడీనే మరల తయారుచేయనారంభించినది. జర్మనీలో పోర్షే వారు 2018లో తమ 959 కారు క్లచ్ విడుదల లీవరును లోహపు పొడిని లేజరుతో పొర మీద పొరగా కరిగించి తయారుచేశారు. ఆ కార్లు మొత్తం 292 మాత్రమే. అంత కొద్ది సంఖ్యకు పోత అచ్చులు చేయించడం గిట్టదు. ఆ ముక్కను దాదాపు మూడు టన్నుల బరువుతో పరీక్షించిన తరువాతనే కారులో బిగించారట. యంత్రం ఎంత కొత్తదైనను, అరిగిన ముక్కను స్కాన్ చేస్తే అరిగిన ముక్కయే అచ్చుపడును. జంగ్లీఘాట్ టర్నర్‌కైనా, జర్మనీ ఇంజనీరుకైనా ఈ చిక్కు ఒక్కటే.

మన ప్రభుత్వం 2021లో చేసిన నియమాలు ఏబది ఏండ్లు దాటిన సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తవి. చాసిస్, బాడీ, ఇంజను మూల రూపం నుండి పెద్దగా మారకూడదన్నది షరతు. వాటిని నిత్యప్రయాణాలకు గాని, వ్యాపారానికి గాని వాడరాదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, ఇంధనం, మరమ్మతుల కొరకూ మాత్రమే రోడ్డెక్కించవచ్చును. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉన్నది. అటువంటి బండిలో కొత్త ముక్క ఏదో, పాతది ఏదో తెలియకపోతే చరిత్రకే నష్టం. కనుక నిజాయితీ గల పనివారు తాము చేసిన ముక్క మీద, బయటికి కనిపించని చోట, తయారైన సంవత్సరాన్ని చెక్కుతారు.

తీసివేసిన పాత ముక్కను పాత ఇనుముల వానికి వేయకూడదు. దానికి నూనె పూసి, గుడ్డలో చుట్టి, కొలతలూ, అరిగిన చోటులూ, కొత్తదానికి వాడిన లోహమూ ఒక కాగితం మీద వ్రాసి, తీగతో కట్టి భద్రపరుస్తారు. ఉప్పుగాలి ఆడే ఊళ్ళలో ఆ నూనెను ఏడాదికొకసారి మార్చవలెను.