వార్తల్లో పదం: ట్రావెల్ కన్సెంట్ లెటర్

మైనర్ పిల్లలు అమ్మానాన్నలు లేకుండా బంధువులతో విదేశాలకు వెళ్లేటప్పుడు, కన్నవారు సంతకం చేసి ఇచ్చే అంగీకార పత్రం ఇది. అమెరికాలో సెలవులొస్తే అక్క కొడుకునో తమ్ముడి కూతురినో వెంటబెట్టుకుని క్రూయిజ్ ఎక్కేవారికి దీని అవసరం పడుతుంది.

అక్కడి కస్టమ్స్, సరిహద్దు రక్షణ విభాగం ఈ లేఖను నోటరీ చేయించి దగ్గర ఉంచుకోమని గట్టిగా సూచిస్తోంది. పిల్లల అపహరణను అడ్డుకోవడమే ఉద్దేశం. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేయడం మేలు. ఎవరితో, ఎక్కడికి, ఏ తేదీల్లో వెళ్తున్నదీ, తమ ఫోన్ నంబర్లూ రాయాలి. మేనమామ ఇంటిపేరు, మేనల్లుడి ఇంటిపేరు వేరుగా ఉండే మన కుటుంబాలకు ఈ కాగితం మరీ ముఖ్యం.

వైద్యానికి అనుమతినీ అందులోనే రాయించండి. నడిసముద్రంలో బిడ్డకు జ్వరమొస్తే డాక్టరు దాన్ని అడగవచ్చు. పలు క్రూయిజ్ సంస్థలు ఈ లేఖను తప్పనిసరి చేశాయి.

ఇక పాస్‌పోర్టు సంగతికొస్తే, అమెరికా రేవులో బయల్దేరి తిరిగి అదే రేవుకు చేరే క్రూయిజ్ అయితే, 16 ఏళ్లలోపు అమెరికా పౌరులు జనన ధ్రువపత్రంతో దేశంలోకి తిరిగి రావచ్చు. అయినా పాస్‌పోర్టు ఉండాల్సిందే అంటాను. మధ్యలో ఓడ దిగి విమానంలో రావాల్సి వస్తే జనన ధ్రువపత్రం చాలదు. భారత పాస్‌పోర్టున్న పిల్లలకైతే ఓడ ఆగే దేశాల వీసా నిబంధనలు టికెట్ కొనకముందే చూసుకోవాలి.