తెల్లారేలోగా ఫ్రాంక్‌ఫర్ట్

అమెరికా వెళ్లొచ్చిన మనవాళ్లలో చాలామంది "ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాం" అంటారు. దిగేది గాజు గోడల మధ్య, మళ్లీ ఎక్కేదీ అక్కడే. ఊరు మాత్రం చూసి ఉండరు. నేనూ రెండుసార్లు అలాగే దిగి ఎక్కాను. మూడోసారి రాత్రి ఎనిమిదింటికి దిగితే తర్వాతి విమానం మర్నాడు పొద్దున పదింటికి. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల నిద్ర చెడకూడదని 2011 నుంచి ఆ విమానాశ్రయంలో రాత్రి పదకొండు మొదలు అయిదింటి దాకా షెడ్యూలు విమానాలు ఆపేశారు. వాళ్ల నిద్ర పుణ్యాన నాకు జాగారం.

షెంజెన్ వీసా ఉంది కాబట్టి బయటపడ్డాను. అమెరికా వీసా ఒక్కటే ఉన్నవాళ్లు ఆశ పెట్టుకోవద్దు. టెర్మినల్ కిందే ఎస్-బాన్ లోకల్ రైలెక్కితే పావుగంటలో పెద్ద స్టేషన్, హాప్ట్‌బాన్‌హోఫ్. 1888లో కట్టింది. బయటికొచ్చి వెనక్కి తిరిగి చూస్తే కప్పు మీద అట్లాస్ భూగోళాన్ని మోస్తూ కనిపిస్తాడు. పక్కన ఇద్దరు సాయం పడుతుంటారు. ఒకరు ఇనుము, ఇంకొకరు ఆవిరి. మన ఆదిశేషుడికి ఆ పాటి సాయం కూడా లేదు.

స్టేషన్ ఎదుటి పేటలో మత్తుమందుల బేరాలు, ఎర్రదీపాలు దాపరికం లేకుండా ఉంటాయి. పక్క సందుల్లోకి వెళ్లకుండా కైజర్‌స్ట్రాసె వెంట తిన్నగా నడిస్తే పది నిమిషాల్లో పద్నాలుగు మీటర్ల నీలం యూరో గుర్తు, దాని చుట్టూ పన్నెండు పసుపు నక్షత్రాలు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు తన ప్రధాన కార్యాలయాన్ని ఎప్పుడో ఊరి తూర్పు కొసకు మార్చుకుంది. బోర్డు మాత్రం పాత వాకిట్లోనే ఉండిపోయింది. సెల్ఫీలు దిగేవాళ్లకు ఆ సంగతితో పనిలేదు.

జూన్ కావడంతో పొద్దు తొమ్మిదిన్నర దాటాక గానీ గుంకలేదు. ఆ వెలుగులోనే జర్మన్ కవి గోథే పుట్టిన ఇల్లు చేరాను. మూసి ఉంది, వీధిలోంచే చూశాను. కాళిదాసు శాకుంతలం 1791లో జర్మన్‌లోకి వస్తే చదివి మురిసిపోయిన మనిషి. ఆయన నాటకం 'ఫౌస్ట్' మొదట్లోని రంగస్థల ఘట్టానికి మన సూత్రధారుడి ప్రస్తావనే ప్రేరణ అంటారు. ఆయన పుట్టింది 1749లో, ఈ స్థలంలోనే. ఈ గోడల మధ్య మాత్రం కాదు. 1944 మార్చి 22న బాంబులు ఆ ఇంటిని నేలమట్టం చేశాయి. ఆయన వర్ధంతీ ఆ రోజే. సామాను ముందే తరలించడంతో అది దక్కింది. కూలిందాన్ని కూలినట్టే వదిలేయాలన్నవాళ్లూ అప్పట్లో ఉన్నారు. వాళ్ల మాట నెగ్గలేదు. 1951 నాటికి ఇల్లు మళ్లీ లేచింది.

రోమర్‌బెర్గ్ చౌకులో అడుగుపెట్టేసరికి ఇదంతా తెలిసి కూడా మోసపోయాను. 1405 నుంచి నగర సభకు నెలవైన రోమర్ భవనం ఒక పక్క, దూలాల మధ్య గోడలు పోసిన ఏటవాలు కప్పుల ఇళ్ల వరుస ఎదురుగా. అచ్చం ఆరువందల ఏళ్ల నాటి ఊరు. ఆ వరుసను మళ్లీ కట్టింది 1980లలో. దాని వెనక, పెద్ద చర్చి దాకా ఉన్న సందుల్లోని ముప్పై అయిదు ఇళ్లు 2018 నాటికి పూర్తయ్యాయి. అంతకుముందు అక్కడున్న కాంక్రీటు ఆఫీసు భవనాన్ని పడగొట్టి మరీ కట్టారు. గచ్చిబౌలిలో వీటికన్నా వయసు మళ్లిన అపార్టుమెంట్లున్నాయి! ముందు సినిమా సెట్టు చూసినట్టు ఒళ్లు మండింది. దగ్గరికెళ్తే కొన్ని గోడల్లో శిథిలాల్లోంచి ఏరిన పాత రాళ్లు పొదిగి ఉన్నాయి. తాతగారి ఇంటి గడపను కొత్తింటికి తెచ్చి బిగించుకుంటామే, అలా. కోపం సగం తగ్గింది.

చౌకు మధ్య న్యాయదేవత విగ్రహం, చేతిలో తక్కెడ, కత్తి. కళ్లకు గంతలు లేవు. 1933 మేలో నాజీలు అదే చౌకులో పుస్తకాలు తగలబెట్టినప్పుడు కళ్లు తెరుచుకునే ఉంది.

మైన్ నది మీద ఇనుప కాలినడక వంతెన దాటితే సాక్సెన్‌హౌజెన్. ఇక్కడి తాగుడు ఆపిల్ వైన్. నీలం పువ్వుల బూడిదరంగు జాడీ, దాన్ని బెంబెల్ అంటారు, అందులోంచి గళ్ల గ్లాసులోకి వంచుతారు. పుల్లన. మొదటి గ్లాసుకు మొహం చిట్లించాలట, మూడోదానికి నచ్చుతుందట. నేను ఒకదానితో ఆగాను. ఏడు రకాల ఆకులు తరిగి చేసే పచ్చ సాస్‌ను ఉడికించిన గుడ్లు, బంగాళాదుంపలతో చల్లగా పెట్టారు. కారం మరిచిన పచ్చడి అనుకోండి. గిన్నె మాత్రం ఊడ్చేశాను.

అర్ధరాత్రి దాటాక ఏటి గట్టున బెంచీ మీద, నీళ్లలో బ్యాంకు మేడల దీపాలు చూస్తూ కునికిపాట్లు పడ్డాను. వాటిలో ఎత్తయినది 259 మీటర్లు.

నాలుగున్నరకే తెల్లారింది. కాన్‌స్టాబ్లర్‌వాఖె స్టేషన్‌కు వెళ్లే దారిలో పాత యూదుల శ్మశానం. అందులో 1272 నాటి సమాధి రాళ్లున్నాయి. ఊరంతా వెతికిన పాతదనం ఇక్కడ దొరికింది. చాలా రాళ్లను నాజీల కాలంలో పగలగొట్టారు. ప్రహరీ బయటివైపు వరసలుగా చిన్న ఇనుప దిమ్మెలు, దాదాపు పన్నెండు వేలు. ఒక్కోదాని మీద ఒక పేరు, పుట్టిన తేదీ, చంపిన చోటు. అన్నీ నాజీలకు బలైన ఈ ఊరి యూదులవే. 1929లో ఇక్కడే పుట్టిన ఆన్ ఫ్రాంక్ పేరూ ఉంది. దిమ్మెలు గోడలోంచి కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. వచ్చినవాళ్లు వాటి మీద గులకరాళ్లు పెట్టి వెళ్తారు. ఒక రాయి కింద పడి ఉంది. ఏ పేరు మీంచి జారిందో తెలియదు. తీసి చేతికందిన దిమ్మె మీద పెట్టాను. అయిదు దాటింది. దక్షిణాన మొదటి విమానం దిగుతోంది.