బంతి ఆడేవాడికి కూడు పెట్టేదెవరు?

ఫుట్‌బాల్ ఆడటానికి కళింగపట్నం తీరాన్ని మించిన చోటు ఉండదు. వంశధార సముద్రంలో కలిసే చోట విశాలమైన ఇసుక మేట, పడవలు లాగి రాటుదేలిన కాళ్లు. అయినా ఇక్కడ ఒక జట్టు నిలదొక్కుకోవటం కష్టం. పదకొండు మందిని కూడగట్టేలోపే సగంమంది వేట కోసం గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోతారు. 2018లో అలా వెళ్లి, పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి తిరిగొచ్చిన మత్స్యకారులు ఈ ఉత్తరాంధ్ర తీరం వారే.

డబ్బు తీసుకోకుండా ఆడేవాడిని అమెచ్యూర్ అంటాం. అలా ఆడాలంటే ఇంట్లో పొయ్యి మరో దారిన వెలగాలి. విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజుకు ఆ చింత లేదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు ఆయన నాయకుడు. మూడు టెస్టుల్లో కలిపి చేసినవి 33 పరుగులు. అంతకు పాతికేళ్ల ముందు, 1911లో, అదే ఇంగ్లండ్‌లో జట్టు తరఫున అత్యధిక వికెట్లు తీసిన దళితుడు పల్వంకర్ బాలూకు హిందూ జట్టు నాయకత్వం ఏనాడూ దక్కలేదు. ఆట నైపుణ్యం కన్నా పుట్టుక ముందు నడిచిన కాలం అది. పూర్తిగా గడిచిపోయిందని నేననుకోను.

పుట్టుకతో రాని తీరికను ఉద్యోగం ద్వారా ఇచ్చిన జట్టు ఒకటి మనకుండేది: హైదరాబాద్ సిటీ పోలీస్. పోలీసు కొలువు జీతమిచ్చింది, మైదానం మిగిలిన పని చూసుకుంది. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన చేతిలో ఆ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పును బొంబాయి నుంచి తెచ్చుకుంది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో ఉన్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టుకూ రహీమే శిక్షకుడు. మరుసటి ఏడాదే ఆయన మరణించారు.

దీన్ని సమానత్వంగా పొరబడనక్కరలేదు. ఆ తలుపు తెరుచుకున్నది నగరంలో. తీరప్రాంతపు పల్లి, వాడబలిజ, జాలారి కులాలు నేడు బీసీ-ఏ జాబితాలో ఉన్నాయి. ఎస్టీ హోదా కోసం మత్స్యకారులు చేస్తున్న డిమాండు పాతదే. ఆ చర్చలో చదువు, కొలువు, వేట హక్కు వినిపిస్తాయి గాని ఆట ఊసు రావటం అరుదు. ఆటను తీరిక ఉన్నవాళ్ల వ్యవహారంగా మనమూ ఒప్పుకున్నట్టే కదా!

కళింగపట్నంలో మెరైన్ పోలీస్ స్టేషన్ ఉంది. సముద్రం ఎరిగిన కుర్రవాళ్లు దానికి ఎలాగూ కావాలి. వారిని కొలువులోకి తీసుకుని, స్టేషన్ పేరిట ఒక జట్టు పెట్టటానికి అడ్డేమిటి? వెరావల్ ఉన్న పశ్చిమ తీరంలో ఏటా జూన్ 1 నుంచి జూలై 31 వరకు వేట నిషేధం. వలసపోయినవారు ఊళ్లో దొరికేది ఆ 61 రోజుల్లోనే. ఎంపిక చేయదలచిన అధికారి అప్పుడు రావాలి.