కీబోర్డు వర్క్‌స్టేషన్

కీబోర్డు వర్క్‌స్టేషన్ అనగా పలు వాద్యాల ధ్వనులను పలికించుటతో పాటు, వాయించిన సంగీతాన్ని నమోదు చేయుటకు, సవరించుటకు, భద్రపరచుటకు కావలసిన సాధనాలు ఒకేచోట ఇమిడియున్న ఎలక్ట్రానిక్ వాద్యము. దీని సహాయంతో ఒక్క కళాకారుడే మృదంగం, వీణ, వయొలిన్ ధ్వనులను ఒకదాని తరువాత ఒకటి వాయించి, చివరకు అన్నిటినీ కలిపి వినిపించవచ్చును. ఇందులో వాయింపును నమోదు చేయుటను సీక్వెన్సింగు అని, ధ్వనినే నమోదు చేయుటను శాంప్లింగు అని అంటారు. వాడుకలో రెండింటినీ "రికార్డింగు" అనే పిలిచినా, వీటి స్వభావాలు వేరు. ఈ భేదం తెలియనివారు భద్రపరచే సమయంలో తమ శ్రమను పోగొట్టుకొనే అవకాశం ఉన్నది.

చరిత్ర

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ 1979లో రూపొందించిన ఫెయిర్‌లైట్ సి.ఎం.ఐ. ఈ కోవకు చెందిన తొలి వాద్యాలలో ఒకటి. వేర్వేరు సంస్థల వాద్యాలు పరస్పరం సంకేతాలు పంపుకొనుటకు వీలుగా 1983లో మిడి అనే ప్రమాణం వెలువడింది. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1 విశేష ప్రజాదరణ పొందింది. ఇందులో 61 మెట్లు, 8 ట్రాకుల సీక్వెన్సరు ఉన్నవి. శాంప్లింగు మాత్రం లేదు. 1999 నాటి కోర్గ్ ట్రైటన్‌లో శాంప్లింగు కూడా చేరినది. 2001లో యమహా మోటిఫ్ వెలువడినది.

తెలుగు సంగీతంలో

పద్యనాటకాలలోను, భజనలలోను హార్మోనియం చిరకాలంగా ఉన్నందున తెలుగువారికి మెట్ల వాద్యం కొత్త కాదు. 1980వ దశకంలో చలనచిత్ర సంగీతంలో ఎలక్ట్రానిక్ కీబోర్డుల వాడుక పెరిగినది. ఏ.ఆర్. రెహమాన్ 1992 నాటి రోజా చిత్రానికి ముందు రాజ్-కోటి వంటి సంగీత దర్శకుల వద్ద కీబోర్డు వాద్యకారునిగా పనిచేశారు. మణిశర్మ కూడా తొలుత కీబోర్డు వాద్యకారులే. క్రమంగా ఈ వాద్యం విస్సన్నపేట, తిరువూరు వంటి ఊళ్ళలోని భజన మందిరాలకు, చర్చి గాయక బృందాలకు, పెళ్ళి పందిళ్ళకు కూడా అందుబాటులోనికి వచ్చినది.

సీక్వెన్సింగు

సీక్వెన్సరు ధ్వనిని నమోదు చేయదు. ఏ మెట్టును, ఎప్పుడు, ఎంత బలంగా నొక్కినారో, ఎప్పుడు వదిలినారో మాత్రమే వ్రాసుకొంటుంది. ఒక విధంగా ఇది స్వరలిపి వంటిది. మిడి ప్రమాణంలో మెట్లకు 0 నుండి 127 వరకు సంఖ్యలు ఉంటాయి. ఒక స్వరం మొదలైనదని చెప్పే సందేశానికి 3 బైట్లు చాలును. అందువలన తప్పు స్వరాన్ని సరిదిద్దుట, శ్రుతిని మార్చుట, కాలప్రమాణాన్ని పెంచుట లేక తగ్గించుట సులభము.

వాయించుటకు ముందే తాళాన్ని నిర్ణయించుకొనవలెను. ఆదితాళానికి నాలుగు లెక్కల కొలత సరిపోతుంది. మిశ్రచాపుకు ఏడు, ఖండచాపుకు ఐదు లెక్కల కొలత ఎంచుకొననిచో యంత్రం వేసే తాళము, పాట నడక కలియవు. స్వరాలను లెక్కకు సరిగా జరిపే క్వాంటైజు సౌకర్యాన్ని మితంగా వాడవలెను. అతిగా వాడినచో లయలోని సహజమైన ఊగు పోతుంది.

శాంప్లింగు

మైకు ద్వారా వచ్చిన ధ్వనిని అంకెలుగా మార్చి దాచుట శాంప్లింగు. కాంపాక్టు డిస్కు ప్రమాణంలో సెకనుకు 44,100 సార్లు, 16 బిట్ల చొప్పున ధ్వనిని కొలుస్తారు. ఊరిలోని డప్పు దెబ్బను ఇట్లు నమోదు చేసి ఒక మెట్టుకు కేటాయించవచ్చును. నాదస్వరం వంటి స్వరవాద్యానికి ఒక్క శాంపిల్ చాలదు. దానిని ఒక స్థాయి పైకి జరిపినచో వేగం రెట్టింపై, నిడివి సగమై, ధ్వని కృత్రిమమవుతుంది. కావున కొద్ది మెట్లకు ఒకటి చొప్పున పలు శాంపిళ్ళు తీసుకొంటారు.

గమకం మరొక చిక్కు. హార్మోనియంపై గమకాలు పలుకవన్నది దానికి ఎదురైన ప్రధాన ఆక్షేపణలలో ఒకటి. ఆకాశవాణి ఆ వాద్యాన్ని 1940 నుండి 1971 వరకు నిషేధించినది. వర్క్‌స్టేషన్‌లో స్వరాన్ని వంచే చక్రం ఈ లోపాన్ని కొంతవరకు తీరుస్తుంది, కానీ పూర్తిగా కాదు.

భద్రపరచుట

చాలా వర్క్‌స్టేషన్‌లలో కొత్తగా తీసిన శాంపిళ్ళు తాత్కాలిక మెమరీలో ఉంటాయి. కరెంటు పోయినచో అవి చెరిగిపోతాయి. సీక్వెన్సును మాత్రమే భద్రపరచి శాంపిళ్ళను మరచినచో, మరునాడు పాట తెరుచుకొంటుంది కానీ నాదస్వరం ఉండవలసిన చోట నిశ్శబ్దమో, వేరొక ధ్వనియో వినబడుతుంది.

రెండింటి పరిమాణాలలో గల తేడా గమనించదగినది. 5,000 స్వరాలు గల సీక్వెన్సు సుమారు 40 కిలోబైట్లలో ఇముడుతుంది. స్టీరియో ధ్వని మాత్రం నిమిషానికి 10 మెగాబైట్లకు పైగా ఆక్రమిస్తుంది. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో అట్టి ధ్వని 8 సెకన్లే పడుతుంది.

కావున పూర్తయిన పాటను మూడు రూపాలలో దాచుట మంచిది:

1. శాంపిళ్ళతో సహా మొత్తం, ఆ వాద్యపు సొంత పద్ధతిలో. దీనిని తిరిగి తెరచి మార్పులు చేయవచ్చును.
2. మిడి ఫైలు. ఇది ఇతర వాద్యాలలోనూ తెరుచుకొంటుంది, కానీ ధ్వనులు మారవచ్చును.
3. వేవ్ ఫైలు. ఇది విన్నది విన్నట్లు నిలుస్తుంది, కానీ ఇందులోని ఒక స్వరాన్ని విడదీసి మార్చుట కష్టము.

ఫ్లాపీలు కాలక్రమాన బూజు పట్టి చెడిపోతాయి. వాటిని చదివే పరికరాలు కూడా అరుదైనవి. పాత ఫ్లాపీలు గలవారు వాటిని త్వరగా కంప్యూటరులోనికి మార్చుకొనవలెను. సినిమా పాటకు ఇతర ప్రతులు దొరకవచ్చును. ఊరిలోని డప్పు కళాకారుడు ఒక్కసారి వాయించి ఇచ్చిన శాంపిల్‌కు సాధారణంగా వేరొక ప్రతి ఉండదు. అందుచేత అట్టివాటిని ముందుగాను, రెండు వేర్వేరు చోట్లను భద్రపరచుట అవసరము.