బరువు లాగే బండికి ఇంజను ఎంత, ఇరుసు ఎంత?

రహదారి ప్రక్కన నిలబడి లారీలను పరిశీలించే అలవాటున్న విద్యార్థికి వాటిపై ఒక నాలుగంకెల సంఖ్య తరచుగా కనిపిస్తుంది. టాటా వారి బండ్లలో 1210, 4018, 5530 అనేవి అటువంటి సంఖ్యలు. మొదటి రెండంకెలు సరకుతో సహా బండి మొత్తం బరువును టన్నులలోను, చివరి రెండంకెలు ఇంజను సామర్థ్యాన్ని పదుల అశ్వశక్తిలోను ఇంచుమించుగా తెలుపుతాయి. 4018 అనగా 40 టన్నులు, 180 అశ్వశక్తి. 5530 అనగా 55 టన్నులు, 300 అశ్వశక్తి. అశోక్ లేలాండ్ వారు కూడా దాదాపు ఇదే పద్ధతిని అనుసరిస్తున్నారు.

ఈ సంఖ్యను చూచి బండిని కొనేవారు చాలమంది ఉన్నారు. ఇంజను పెద్దదైతే లాగుడు ఎక్కువ అని వారి నమ్మకం. కాని ఈ సంఖ్యలో కనిపించని మరొక అంకె బండి క్రింద, వెనుక ఇరుసు హౌసింగులో దాగి ఉంటుంది. అదే ఇరుసు గేరు నిష్పత్తి. మన కళాశాల విద్యార్థులలో లారీ నడిపేవారి పిల్లలు, మెకానిక్కుల పిల్లలు ఉన్నారు. ఇంటి కాగితాలు కుదువబెట్టి, నెలనెలా వాయిదాలు చెల్లించే షరతుపై ట్రైలరు కొన్న కుటుంబాలను వారు ఎరుగుదురు. అట్టి కుటుంబానికి ఈ దాగిన అంకె తప్పితే ప్రతి ప్రయాణంలోను నష్టమే. కావున ఈ విషయాన్ని లెక్కలతో వివరింపదలచినాము. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివినవారికి ఇందులో తెలియని సూత్రం ఏదీ లేదు.

మొదట సామర్థ్యానికి, లాగే బలానికి గల భేదాన్ని గ్రహించాలి. బలాన్ని వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది. ఒక అశ్వశక్తి 746 వాట్లకు సమానం. అదే సామర్థ్యంతో ఎక్కువ బలంగా మెల్లగా లాగవచ్చును, లేదా తక్కువ బలంగా త్వరగా లాగవచ్చును. ఈ మారకం చేసేది గేరు. ఇంజను ఇరుసును మెలితిప్పే బలాన్ని టార్కు అంటారు. దానిని మొదట గేర్‌బాక్సు హెచ్చిస్తుంది, తరువాత వెనుక ఇరుసులోని క్రౌను, పినియను మరొకసారి హెచ్చిస్తాయి. పినియనుకు 7 పళ్లు, క్రౌను చక్రానికి 41 పళ్లు ఉన్నవనుకొనండి. ప్రొపెల్లరు షాఫ్టు 5.86 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. వేగం అన్ని రెట్లు తగ్గి, టార్కు అన్ని రెట్లు పెరుగుతుంది. విడిభాగాల అంగళ్లలో దీనిని నిష్పత్తితో గాక పళ్ల లెక్కతోనే అడుగుతారు. ఆరు నలభై ఒకటి, ఏడు నలభై ఒకటి అంటే చాలు, దుకాణదారు సరియైన పెట్టెను తీసి ఇస్తాడు. పాఠ్యపుస్తకపు భిన్నం అక్కడ వ్యవహార భాషగా మారింది!

ఇప్పుడు ఒక ఘాటు రోడ్డును తీసుకుందాము. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువుల పరిమితిని పెంచినప్పుడు ట్రైలరు బండి గరిష్ఠ బరువు 49 టన్నుల నుండి 55 టన్నులకు పెరిగింది. ఆ 55 టన్నులతో నూటికి ఏడు వంతుల వాలు ఎక్కవలెను. అనగా నూరడుగుల దూరానికి ఏడడుగుల ఎత్తు. భూమ్యాకర్షణ వెనుకకు లాగే బలం సుమారు 37,800 న్యూటన్లు. టైర్ల దొర్లుడు నిరోధం మరొక 3,800. మొత్తం ఇంచుమించు 41,500 న్యూటన్లు.

ఇంజను 300 అశ్వశక్తి, అనగా 224 కిలోవాట్లు. గేర్లలోను, ఇరుసులోను నూటికి పన్నెండు వంతులు పోగా చక్రాలకు చేరేది 197 కిలోవాట్లు. దానిని 41,500తో భాగిస్తే సెకనుకు 4.75 మీటర్లు, అనగా గంటకు 17 కిలోమీటర్లు. పది కిలోమీటర్ల ఘాటు ఎక్కుటకు 35 నిమిషాలు పడుతుంది. అదే బరువును 180 అశ్వశక్తి బండి లాగితే ఒక గంట, 400 అశ్వశక్తి బండి లాగితే 26 నిమిషాలు. ఇరుసు నిష్పత్తి ఏదైనప్పటికీ, తగిన గేరులో నడిపినంతవరకు, ఈ కాలం మారదు. ఘాటును ఎంత త్వరగా ఎక్కగలమన్నది అశ్వశక్తి నిర్ణయిస్తుంది. అంతవరకే దాని అధికారం.

మరి నడి వాలులో ముందు బండి ఆగిపోయి, మన బండి కూడ నిలిచిపోతే? అక్కడ వేగం సున్న. అశ్వశక్తికి పని లేదు. కావలసినది బలం. ఇంజను గరిష్ఠ టార్కు 1,000 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 10, చక్రపు వ్యాసార్ధం అర మీటరు, దక్షత నూటికి 85 అనుకొందాము. లెక్క సులువు కొరకు రెండు ఇరుసులను పోల్చెదము, ఒకటి 6, మరొకటి 4. కాగితంపై మొదటిది చక్రాల వద్ద 1,02,000 న్యూటన్లు, రెండవది 68,000 న్యూటన్లు ఇస్తుంది. రెండును 41,500 కంటె ఎక్కువే కదా అనిపిస్తుంది. అయితే క్లచ్చి పట్టే సమయాన ఇంజను తక్కువ వేగంతో తిరుగుతూ ఉంటుంది. అప్పుడు పూర్తి టార్కు లభించదు. సగమే లభించిందనుకొంటే మొదటి ఇరుసు 51,000 ఇస్తుంది, బండి కదులుతుంది. రెండవది 34,000 మాత్రమే ఇస్తుంది, బండి కదలదు. డ్రైవరు ఇంజనును హోరెత్తించి క్లచ్చిని సగం పట్టించి ఉంచుతాడు. కొద్దిసేపటికి కాలిన వాసన వస్తుంది. క్లచ్చి ప్లేటు మార్పించే ఖర్చు, ఆగిన రోజుల వాయిదా, ఆలస్యమైన సరకుకు కోసిన కిరాయి, అన్నియు ఆ ఒక్క అంకె ఫలితాలే.

టార్కు ఉన్నంత మాత్రాన పని పూర్తి కాదు. టైరు రోడ్డును పట్టుకోవాలి. 55 టన్నుల బండ్లలో పెక్కింటికి లాగే భాగంలో రెండు వెనుక ఇరుసులు ఉంటాయి. కొన్నింటిలో ఆ రెండింటికీ ఇంజను బలం అందుతుంది, వానిని 6×4 అంటారు. కొన్నింటిలో ఒక్కదానికే అందుతుంది, రెండవది బరువు మోసే ఇరుసు మాత్రమే, వానిని 6×2 అంటారు. జంట ఇరుసులకు చట్టం అనుమతించిన బరువు 21 టన్నులు, అనగా ఒక్కొక్కదానికి 10.5 టన్నులు. వానకు తడిసి బురద పట్టిన రోడ్డుపై ఘర్షణ గుణకం 0.35 అయితే ఒక్క ఇరుసు పట్టు 36,000 న్యూటన్లు మాత్రమే. మనకు కావలసినది 41,500. చక్రం అక్కడే గిరగిర తిరుగుతుంది. రెండు ఇరుసులు లాగితే పట్టు 72,000. గనుల దారిలోను, ఘాట్లలోను తిరిగే బండికి మేము 6×4నే మేలని చెబుతాము. సమతల రహదారిపై సిమెంటు, కంటైనర్లు మోసేవానికి 6×2 చాలును, బరువు తగ్గి కొంత డీసెలు కూడ కలిసివస్తుంది.

అయితే అందరూ 6 నిష్పత్తినే కోరవచ్చును గదా అని ఎవరైన అడుగవచ్చు. సమతల రహదారి దీనికి సమాధానం చెబుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో అర మీటరు వ్యాసార్ధం గల చక్రం నిమిషానికి 318 సార్లు తిరుగుతుంది. పై గేరు నిష్పత్తి ఒకటి అయితే, 6 ఇరుసుతో ఇంజను నిమిషానికి 1,910 సార్లు, 4 ఇరుసుతో 1,273 సార్లు తిరుగుతుంది. నేటి పెద్ద డీసెలు ఇంజన్లు సుమారు 1,200 నుండి 1,500 వరకు గల వేగంలో పొదుపుగా పని చేస్తాయి. ఆ వేగం వద్ద 55 టన్నులను 60 కిలోమీటర్లతో లాగుటకు చక్రాల వద్ద కావలసినది 80 కిలోవాట్లే. విజయవాడ నుండి విశాఖపట్టణానికి పోయే సముద్రతీర రహదారిపై ఎక్కువ కాలం తిరిగే బండికి 6 నిష్పత్తి ఇరుసు వేస్తే, ఇంజను రోజంతా అనవసరంగా అరచుచు ఇంధనం త్రాగుతుంది. పూర్వపు ఇంజన్లకు టార్కు తక్కువ, రోడ్లు ఇరుకు, కావున ఆరుకు పైబడిన నిష్పత్తులు సాధారణమైనవి. టర్బోఛార్జరు వచ్చి తక్కువ వేగంలోనే టార్కు లభించుటతోను, నాలుగు వరుసల రహదారులు విస్తరించుటతోను నిష్పత్తులు క్రమంగా తగ్గినవి. అదీగాక, గేర్‌బాక్సులో గేర్ల సంఖ్య పెరిగిన కొలది మొదటి గేరును మరింత బలమైనదిగా అమర్చి ఇరుసును తేలికపరచవచ్చును. ఇరుసును ఒంటరిగా చూడరాదు. గేర్‌బాక్సు, ఇరుసు, టైరు ఈ మూడింటిని కలిపి చూడాలి. పెద్ద టైర్లు వేసినవాడు తెలియకుండానే తన ఇరుసు నిష్పత్తిని తగ్గించుకొన్నట్లే.

అశ్వశక్తి మాయను పూర్తిగా పోగొట్టే ఉదాహరణ మరొకటి ఉన్నది. విద్యుత్ కేంద్రాలకు పోయే ట్రాన్స్‌ఫార్మర్లను, టర్బైను భాగాలను అనేక వరుసల చక్రాలుగల ట్రైలర్లపై మోసుకుపోవడం మనలో చాలమంది చూచి ఉంటారు. ముందు పైలటు జీపు, ప్రక్కన ఎర్రజెండాలు, బండి వేగం మనిషి నడకంత. మొత్తం 200 టన్నులు, వాలు నూటికి రెండు వంతులు అనుకొనండి. నిరోధం సుమారు 59,000 న్యూటన్లు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో దీనికి కావలసిన సామర్థ్యం 82 కిలోవాట్లు, అనగా 110 అశ్వశక్తి. పాత 1210 ఇంజను స్థాయి! కావలసినదంతా గేరు నిష్పత్తి, దానిని తట్టుకొనే ఇరుసు, రోడ్డును పట్టుకొనే బరువు. అందుకే ఇట్టి లాగుడు బండ్లపై కాంక్రీటు దిమ్మెలో, ఇనుప బరువులో పనిగట్టుకొని పెడతారు. ఇరుసు చివర చక్రపు హబ్బులోనే మరొక గేరు జతను అమర్చడం కూడ అందుకే. క్రౌను, పినియను ఒక్కటే అంత టార్కును మోయవలసి వస్తే వాని పళ్లు నిలువవు.

ఎక్కుడు గురించి ఇంతసేపు చెప్పినాము. దిగుడు మరింత ముఖ్యమైనది, ఎందుకనగా అక్కడ పోయేది డీసెలు కాదు. అదే ఏడు వంతుల వాలులో 55 టన్నులు దిగుతున్నప్పుడు దొర్లుడు నిరోధం పోను 34,000 న్యూటన్లు బండిని ముందుకు తోస్తాయి. గంటకు 30 కిలోమీటర్లతో దిగితే క్షణక్షణం 283 కిలోవాట్లను ఎక్కడో ఖర్చు చేయాలి. ఇది 300 అశ్వశక్తి ఇంజను పూర్తి సామర్థ్యం కంటె ఎక్కువ. బ్రేకు డ్రమ్ములు ఒక్కటే దీనిని మోయవలసి వస్తే ఎర్రగా కాగి పట్టు కోల్పోతాయి. 15 కిలోమీటర్లతో దిగితే భారం సగానికి, అనగా 142 కిలోవాట్లకు తగ్గుతుంది. తక్కువ గేరులో ఉంచితే ఇంజను, ఎగ్జాస్టు బ్రేకు అందులో పెద్ద వంతును తీసుకొంటాయి. డీసెలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవారు ఈ సహాయాన్నంతా వదులుకొంటున్నారు. నేటి ఇంజన్లలో గేరు వేసి దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలితే ఇంధనం ప్రవాహం ఆగిపోతుంది. కనుక ఆ ఆదా అనేది కూడ లేదు.

పాత బండి కొనదలచినవారికి ఇరుసు నిష్పత్తి ఎంతో చెప్పే చీటీ హౌసింగుపై చెరిగిపోయి ఉండవచ్చును, లేదా మునుపటి యజమాని క్రౌను, పినియను మార్పించి ఉండవచ్చును. కొలిచి చూచుట కష్టం కాదు. తోలే ఇరుసులు రెండైతే ప్రొపెల్లరు షాఫ్టును వేరుచేయవలసి రావచ్చు, కాబట్టి ఆ పనిని మిస్త్రీకే విడిచిపెట్టాలి. ఒక్కటే అయితే, బండిని సమతల ప్రదేశంలో నిలిపి మిగిలిన చక్రాలన్నింటికి ముందు వెనుకల దిమ్మెలు గట్టిగా పెట్టాలి. పార్కింగు బ్రేకు విడువవలసి ఉన్నందున ఈ జాగ్రత్త తప్పనిసరి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇరుసు ఒక ప్రక్క మాత్రం జాకీతో లేపి, క్రింద గట్టి ఆధారం పెట్టాలి. చక్రంపైన, ప్రొపెల్లరు షాఫ్టుపైన సుద్దతో గీతలు గీయాలి. ఒక మనిషి చక్రాన్ని సరిగా రెండు చుట్లు త్రిప్పగా, మరొక మనిషి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించాలి. రెండవ ప్రక్క చక్రం కదలనందున డిఫరెన్షియల్‌లో క్రౌను చక్రం సగమే, అనగా ఒక్క చుట్టే తిరుగుతుంది. కావున షాఫ్టు తిరిగిన చుట్ల సంఖ్యయే ఇరుసు నిష్పత్తి. హబ్బులో గేర్లున్న బండి అయితే అవి కూడ ఈ లెక్కలోనే కలిసివస్తాయి. ఆరుకు కొంచెం తక్కువగా సుద్ద గీత ఆగితే అది ఏడు నలభై ఒకటి.