గోదావరి ఆవలి ఒడ్డు కథలు

భివండీ నార్పోలి నుంచి ఊరికి పోయేవాళ్లు కల్యాణ్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. బాసర దాటి బండి గోదావరి వంతెన మీదికి రాగానే చిల్లర పైసలు నీళ్లలో వేసి దండం పెట్టుకుంటారు. ఈసారి దండం పెట్టాక ఎడమ కిటికీలోంచి కాసేపు చూడండి. బాసర వైపు ఒడ్డున నిర్మల్ మీదుగా అడవుల దాకా సాగేది పాత ఆదిలాబాద్ జిల్లా, తెలుగు నేలకు ఉత్తరపు పొలిమేర. సాంచాలు నమ్ముకుని పొలిమేర దాటిన మనకు అక్కడి కథలు పరాయివి కావు.

1860లో నిర్మల్ దగ్గర, బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడ్డ గోండు నాయకుడు రాంజీ గోండునూ ఆయన అనుచరులనూ ఒకే చెట్టుకు ఉరి తీశారు. ఎంతమందినో జనం ఆ చెట్టుకు పెట్టుకున్న పేరే చెబుతుంది: వెయ్యి ఉరుల మర్రి.

కుమురం భీం కూడా గోండే. పుట్టింది ఆసిఫాబాద్ దగ్గర సంకెపల్లిలో. తాము పండించిన పంట తనదంటూ వచ్చినవాణ్ని కొట్టి చంపి, చాందాకు పారిపోయాడంటారు. అక్కడ ఒక అచ్చుకూటంలో పనిచేస్తూ అక్షరాలు దిద్దుకున్నాడు. ఆ తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలీ. నాకు ఈ కథలో పోరాటం కంటే ముందు ఈ వలసే కనబడుతుంది. ఊరు విడిచినప్పుడు అతనికి ఉన్నది కోపం ఒక్కటే. చదవడం, రాయడం, తోటి కూలీలతో కలిసి నిలబడటం పరాయి చోటే నేర్పింది. తిరిగొచ్చి జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేలను నిజాం మీద పోరాటానికి కూడగట్టాడు. 1940లో అక్కడే నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. గోండులు ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి ఆయన్ను తలుచుకుంటారు.

ఆ నెత్తురు చూశాక నిజాం సర్కారుకు గోండుల గోడు ఏమిటో తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ పని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన ఆస్ట్రియావాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్‌వాళ్లు హైదరాబాద్ రాజ్యం దాటకుండా కట్టడి చేశారు. ఆ కట్టడే గోండులకు మేలయింది. భార్య బెట్టీతో మార్లవాయి గూడెంలో కాపురం పెట్టాడు. సాగు చేసుకుంటున్న భూములకు వాళ్ల పేరనే పట్టాలివ్వాలని సర్కారుకు రాశాడు. గోండు పిల్లలకు గోండీలోనే చదువు చెప్పించాలని ఆ గూడెంలోనే పంతుళ్లకు శిక్షణ మొదలుపెట్టించాడు.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసింది. సమాధి మార్లవాయిలో కట్టారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి ఆమె పక్కనే ఉంచారు.